షాట్‌కట్ రివ్యూ: పాత లాప్‌టాప్‌లో వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టేవాళ్ల కోసం

ముందే చెప్పేస్తున్నా, షాట్‌కట్ అనే ఈ ఫ్రీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చూడ్డానికి అస్సలు బాగోదు. ఓపెన్ చేస్తే బూడిదరంగు డబ్బాలు, పైన వరసగా బటన్లు, అంతే. రెడీమేడ్ టెంప్లేట్లు లేవు, గంతులేసే స్టిక్కర్లు లేవు, చెయ్యి పట్టుకుని నడిపించేదేం లేదు. అయినా సరే ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద ఎడిటింగ్ మొదట్నుంచి నేర్చుకుంటా అని ఎవరడిగినా నేను దీని పేరే చెప్తున్నా. ఎందుకో, ఎక్కడెక్కడ విసుగొస్తుందో రెండూ రాస్తా, కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి.

నా దగ్గరున్నది ఐ3 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు, పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయించా. చేసేవి కూడా పెద్ద సినిమాలేం కాదు, ఇంట్లో ఫంక్షన్లు, అత్తగారి వంటలు, పిల్లల స్కూల్ డ్యాన్సులు, అన్నీ ఫోన్‌లో తీసినవే. ఇంకా ఖరీదైన మిషన్ ఉన్నవాళ్లకి ఈ రివ్యూ అంతగా పనికిరాకపోవచ్చు.

ఇదే ఎందుకంటే, మిగతావి చూశాకే ఇక్కడికొచ్చా. ఒకప్పుడు విండోస్‌తో పాటు మూవీ మేకర్ వచ్చేది, దాన్ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. ఇప్పుడు విండోస్ 11లో క్లిప్‌చాంప్ ఇస్తున్నారు, పది నిమిషాల్లో ఏదో ఒకటి చేసి వాట్సాప్‌లో పడేయాలంటే అది చాలు, కానీ నేర్చుకోవడం అనేది దాంతో ఎక్కువ దూరం పోదు అని నా అభిప్రాయం. ఫోన్‌లో కైన్‌మాస్టర్ ఫ్రీగా వాడితే వాటర్‌మార్క్ పడుతుంది, పైగా అంత చిన్న స్క్రీన్ మీద వేలితో కట్ పాయింట్ పట్టుకోవడం నా వల్ల కాదు బాబూ. ప్రీమియర్ అంటే నెలనెలా కట్టాలి. మన పెళ్లి వీడియోల వాళ్లు ఎక్కువగా వాడే ఎడియస్ కూడా డబ్బులకే. డావిన్సీ రిజాల్వ్ మాత్రం నిజంగా గొప్పది, చాలా సినిమాలకి కలర్ గ్రేడింగ్, అంటే రంగులు తీర్చిదిద్దడం, చేసేది దాంట్లోనే, ఫ్రీ వెర్షన్‌లోనే బోలెడంత ఇస్తారు, కానీ విండోస్‌లో అది అడిగేదే 16 జీబీ ర్యామ్, దాంతోపాటు మంచి గ్రాఫిక్స్ కార్డ్, అవి రెండూ నా దగ్గర లేవు. షాట్‌కట్ వాళ్లు హెచ్‌డీకి 8 జీబీ, 4కే కైతే 16 అని చెప్తారు, మామూలు ఎస్‌డీకి 4 జీబీ ఉన్నా సరే అంటారు. సో నా మిషన్‌కి ఇదే కరెక్ట్‌గా సరిపోయింది.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు షాట్‌కట్ డాట్ ఆర్గ్ అనే వాళ్ల సొంత సైట్ నుంచే తీసుకోండి, గూగుల్‌లో పైన యాడ్స్‌లో వచ్చేవాటి మీద నొక్కకండి. సైట్ నుంచైతే రూపాయి అడగరు, అకౌంట్ అడగరు, వాటర్‌మార్క్ లేదు, ఇన్ని రోజులే అనే ట్రయల్ లేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిట్లో నడుస్తుంది. డాన్ డెన్నెడీ అనే ఆయన 2011లో మొదట్నుంచి మళ్లీ రాసిన వెర్షనే ఇప్పుడు మనం వాడేది. వెర్షన్ నంబర్‌లోనే ఏడాది, నెల ఉంటాయి, 20.07 అంటే 2020 జులై అన్నమాట, మీ దగ్గరున్నది ఎంత పాతదో చూడగానే తెలిసిపోతుంది. ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే పోర్టబుల్ జిప్ కూడా ఉంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరగొచ్చు.

ఓపెన్ చేయగానే కొత్త ప్రాజెక్ట్‌కి పేరు, ఫోల్డర్, వీడియో మోడ్ అడుగుతుంది. మొదటి రెండూ ఇచ్చేసి మూడోది చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే ఆటోమేటిక్‌లో ఉంటుంది, అంటే మీరు మొదట వేసే క్లిప్ ఏ సైజులో ఉంటే ప్రాజెక్ట్ కూడా అదే సైజు అయిపోతుంది. ఆ మొదటి క్లిప్ ఎవరో వాట్సాప్‌లో పంపిన నలిగిపోయిన వీడియో అనుకోండి, మొత్తం ప్రాజెక్ట్ ఆ లెవెల్‌కి దిగిపోతుంది. ఫోన్లు మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు తీస్తాయి కాబట్టి హెచ్‌డీ 1080పీ 30 పెట్టేసుకోండి, రీల్స్, షార్ట్స్ కోసమైతే నిలువుగా ఉండే వర్టికల్ హెచ్‌డీ పెట్టుకోండి.

తర్వాత ఫోన్ వీడియో ఒకటి లోపలికి లాగితే ఒక బాక్స్ వస్తుంది, ఇది వేరియబుల్ ఫ్రేమ్ రేట్ వీడియో, ఎడిటింగ్‌కి తగ్గట్టు కన్వర్ట్ చేయమంటావా అని. కొత్తవాళ్లు ఇదేదో ఎర్రర్ అనుకుని కంగారుగా క్లోజ్ చేస్తారు. అది ఎర్రర్ కాదండి, చాలా మంచి సలహా. ఫోన్ కెమెరా వెలుతురు తగ్గితే తనంతట తనే ఫ్రేములు తగ్గించేస్తుంది, వంటింట్లో ట్యూబ్‌లైట్ కింద తీసిన వీడియో 30 అని చెప్పుకుంటుంది గానీ మధ్యలో ఎక్కడెక్కడో 24కి పడిపోయి ఉంటుంది. దాన్ని అలాగే కట్ చేస్తూ పోతే చివరికొచ్చేసరికి పెదాలు ఒక చోట, మాట ఒక చోట. కన్వర్ట్ చేస్తే ఫ్రేములన్నీ సమానంగా సర్దుకుంటాయి. గుడ్, బెటర్, బెస్ట్ అని మూడు రకాలుంటాయి, ఇంటి వీడియోలకి గుడ్ చాలు, బెస్ట్ పెట్టారంటే ఒక్క పెళ్లి వీడియోకే డిస్క్ నిండిపోతుంది.

ప్లే చేస్తుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతోందంటే సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోకండి. ఫోన్ వీడియోల్లో ప్రతి ఫ్రేమూ పూర్తిగా దాచరు, ఒక పూర్తి ఫ్రేమ్ పెట్టి తర్వాత మారినంత మేరకే రాసుకుంటూ పోతారు, అందుకే ఫైల్ చిన్నగా ఉంటుంది. కానీ మధ్యలో ఎక్కడైనా ఆపి చూడాలంటే కంప్యూటర్ వెనక్కెళ్లి ఆ పూర్తి ఫ్రేమ్ నుంచి మళ్లీ లెక్క కట్టుకుంటూ రావాలి, పాత ఐ3కి అది భారం. దీనికి సెట్టింగ్స్‌లో రెండు మందులున్నాయి. ఒకటి ప్రివ్యూ స్కేలింగ్, అంటే చూసేటప్పుడు మాత్రం తక్కువ క్వాలిటీలో చూపిస్తుంది. రెండోది ప్రాక్సీ, ప్రతి క్లిప్‌కీ ఒక తేలికపాటి కాపీ చేసి ఎడిటింగ్ దాని మీద చేయనిచ్చి చివర్లో ఎక్స్‌పోర్ట్, అంటే పూర్తయిన వీడియో ఫైల్ బయటకి తీయడం మాత్రం ఒరిజినల్‌తో చేస్తుంది. నేను ప్రాక్సీ ఆన్ చేసుకుని పడుకుంటా, పొద్దున్నకి అన్నీ రెడీ.

ఇప్పుడు అసలు విషయం, కట్ చేయడం. ఇక్కడ షాట్‌కట్ ఒక చోట బాగా తికమక పెడుతుంది. ప్లేయర్ కింద సోర్స్ అని ఒకటి, ప్రాజెక్ట్ అని ఒకటి రెండు ట్యాబ్‌లుంటాయి. ఫైల్ ఓపెన్ చేస్తే అది సోర్స్‌లో కనపడుతుంది, టైమ్‌లైన్‌లో, అంటే కింద ముక్కలు వరసగా పేర్చుకునే చోట, ఇంకా ఏమీ లేనట్టే. చాలామంది ఇక్కడే "వీడియో వచ్చింది కానీ కింద ఏమీ లేదేంటి" అని ఆగిపోతారు. పద్ధతి ఏంటంటే సోర్స్‌లో చూస్తూ కావాల్సిన ముక్క మొదలయ్యే చోట కీబోర్డ్‌లో ఐ (I) నొక్కాలి, అయిపోయే చోట ఓ (O) నొక్కాలి, తర్వాత ఏ (A) నొక్కితే ఆ ముక్క టైమ్‌లైన్ చివర్న చేరుతుంది. అలా ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోవడమే. టైమ్‌లైన్‌లోకి వచ్చాక ఎస్ కొడితే ప్లేహెడ్ అనే నిలువు గీత ఉన్నచోట క్లిప్ రెండు ముక్కలవుతుంది, ఎక్స్ కొడితే అక్కర్లేని ముక్క పోయి వెనకవి ముందుకి జరుగుతాయి (దీన్నే రిపుల్ డిలీట్ అంటారు), జెడ్ కొడితే ముక్క పోతుంది గానీ ఆ ఖాళీ అలాగే ఉంటుంది. బాణం గుర్తులతో ఒక్కో ఫ్రేమూ కదపొచ్చు, జే, కే, ఎల్ లతో వెనక్కీ, ఆపడానికీ, ముందుకీ. ఈ బటన్లు చేతికి అలవాటైతే సగం ఎడిటింగ్ వచ్చేసినట్టే, నిజంగా చెప్తున్నా, మిగతాదంతా బియ్యంలో రాళ్లు ఏరినట్టు కూర్చుని ఏరుకోవడమే.

ఒక ఉదాహరణ చెప్తా. మా అత్తగారు ఆవకాయ పెడుతుంటే ముప్పావుగంట పైన తీశాను. మామిడికాయలు కడిగి తుడవడం, కత్తితో టెంకతో సహా కొట్టడం, లోపలి జీడి తీసేయడం, ఆవపిండి, కారం, ఉప్పు కొలుచుకోవడం, నూనె పోసి కలిపి జాడీలోకి ఎత్తడం. మొదట వరసగా పెట్టి అక్కర్లేనివి తీసేస్తే ఇరవై నిమిషాలయింది, చూస్తే నిద్రొస్తోంది. అప్పుడు కాయ కొట్టే చోట ఒక పని చేశా. కాయలు తుడుస్తున్న షాట్ ఇంకా నడుస్తుండగానే కత్తి దెబ్బ ముందు వినపడేలా చేసి, ఆ తర్వాత కత్తిని చూపించా. దీన్నే ఎడిటింగ్ వాళ్లు జే కట్ అంటారు. షాట్‌కట్‌లో ఎలాగంటే కత్తి క్లిప్ మీద రైట్ క్లిక్ కొట్టి డిటాచ్ ఆడియో చేస్తే శబ్దం వేరే ట్రాక్‌కి దిగుతుంది, దాన్ని అలాగే ఉంచి పైన వీడియో మొదలుని కాస్త కోసేసి, ఆ ఖాళీలోకి తుడిచే షాట్ చివర్ని పట్టుకుని సాగదీయడం. అంతే. కానీ ఆ టక్‌మనే చప్పుడు ముందొచ్చేసరికి చూసేవాళ్ల కన్ను తనంతట తనే కత్తి కోసం వెతుకుతుంది. ఒక్క ట్రాన్సిషన్ లేదు, ఒక్క ఎఫెక్ట్ లేదు. చివరికి ఆరు నిమిషాలకి తెస్తే అత్తగారు చూసి "అదేంటమ్మా, పొద్దున్నుంచి పెడితే ఇంతేనా, ఉప్పు ఎంతేశానో లేనే లేదు" అన్నారు. నిజమే, కొలత చెప్పే మాట రిథమ్‌కి అడ్డమని నేను లేపేశా. మళ్లీ పెట్టా. వంట వీడియోలో కొలత లేకపోతే ఎవరిక్కావాలి చెప్పండి.

ఈ టెంప్లేట్లు లేకపోవడమే నాకు దీంట్లో నచ్చింది. వేరే వాటిల్లో తిరిగే ట్రాన్సిషన్లు ముందే చేతికందుతాయి కాబట్టి ప్రతి కట్ మధ్యా ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. ఇక్కడ అలాంటివి వెతుక్కోవాలి కాబట్టి ముందు కట్ దగ్గరే ఆలోచిస్తాం. ఒక షాట్ మెల్లగా ఇంకోదాంట్లో కలిసిపోయే క్రాస్‌ఫేడ్ కావాలంటే ఒక క్లిప్‌ని పక్క క్లిప్ మీదకి కాస్త జరిపితే చాలు, తనే వేసుకుంటుంది. ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ కైతే క్లిప్ పై మూలల్లో చిన్న గుండ్రటి చుక్కలుంటాయి, వాటిని లోపలికి లాగాలి. ఇంటి వీడియోకి ఈ రెండు చాలు అనేది నా పట్టుదల, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

మా ఊళ్లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ కోర్సు అంటే వెళ్లి డెమో క్లాస్‌లో కూర్చున్నా. ఫీజు పాతికవేలు చెప్పారు, క్లాసంతా మెరుపులు, పేజీ తిప్పే ఎఫెక్టులు, గులాబీ పూలు రాలే ఫ్రేములు. కట్ ఎక్కడ చేయాలి అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. సౌండ్ గురించి అడిగితే "పాట వేసేస్తాం కదండీ" అన్నారు. ఇంక మళ్లీ వెళ్లలేదు.

సౌండ్ గురించి అందుకే విడిగా రాస్తున్నా. షాట్‌కట్‌లో పక్కన పీక్ మీటర్ ఉంటుంది, మాట్లాడుతున్నప్పుడు గీత పైకి పోయి సున్నా తాకితే గొంతు పగిలిపోతుంది, మైనస్ 6 దగ్గర్లో ఆడేలా చూసుకోండి. ఒక క్లిప్‌లో గొంతు పెద్దగా, ఇంకోదాంట్లో చిన్నగా ఉంటే ఫిల్టర్స్‌లో నార్మలైజ్ అని ఉంది, అది సమానం చేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ హోరుకి మాత్రం నేను ఆడియోని బయటకి తీసి ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ చేసి మళ్లీ తెచ్చుకుంటా, అదీ ఫ్రీనే. ఇంకా మంచి ఉపాయం తీసేటప్పుడు ఫ్యాన్ ఆపేయడం, ఎండాకాలంలో అది అత్తగారితో చెప్పే ధైర్యం ఉండాలి మరి.

పాటల సంగతి. లోపల మ్యూజిక్ ఏమీ ఇవ్వరు. యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు సినిమా పాట వెనకాల వేస్తే పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ వాళ్ల కంటెంట్ ఐడీ సిస్టమ్ వెంటనే పట్టేస్తుంది, క్లెయిమ్ పడితే యాడ్ డబ్బులు వాళ్లకి పోవచ్చు లేదా వీడియోనే ఆగిపోవచ్చు. యూట్యూబ్ వాళ్ల ఆడియో లైబ్రరీలో ఫ్రీగా వాడుకునేవి ఉన్నాయి, లేదంటే ఏమీ వేయకండి, ఆవకాయ కలిపే చప్పుడే బాగుంటుంది.

తెలుగు టైటిల్స్ దగ్గర నాకు బాగా భయముండేది, ఎందుకంటే చాలా సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు పక్కకి పడిపోతాయి, గుణింతం విడిపోతుంది. ప్రీమియర్‌లో కూడా సెట్టింగ్స్‌లోకెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చుకుంటేగానీ సరిగ్గా రావు. షాట్‌కట్‌లో టెక్స్ట్ సింపుల్ అనే ఫిల్టర్ పెట్టి యూనికోడ్‌లో టైప్ చేస్తే "శ్రీలక్ష్మి" కూడా శుభ్రంగా వచ్చింది. విండోస్‌లో ముందే ఉండే నిర్మలా కాకుండా గూగుల్ ఫాంట్స్‌లో మన తెలుగువి చాలా ఉన్నాయి, రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, గిడుగు, ఎన్‌టీఆర్ ఇలా. టైటిల్‌కి లావుగా ఉండే రామభద్ర, కింద చిన్న అక్షరాలకి మండలి, ఇది నా జోడీ. ఫాంట్ ఇన్‌స్టాల్ చేశాక షాట్‌కట్ మూసి తెరవండి. అను అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసింది తెచ్చి పేస్ట్ చేస్తే మాత్రం పిచ్చి గుర్తులొస్తాయి, అది యూనికోడ్ కాదు, ముందు కన్వర్ట్ చేసుకోవాల్సిందే. అక్షరాల వెనక పల్చటి నల్ల పట్టీ పెట్టడం మర్చిపోకండి, తెల్ల చీర మీద తెల్ల అక్షరాలు ఎవరికీ కనపడవు.

ఇంక విసుగు పుట్టించేవి. ఈ ఫిల్టర్ల పద్ధతి మొదట్లో అస్సలు అర్థం కాదు. టెక్స్ట్ కూడా ఫిల్టరే, జూమ్ చేయాలన్నా ఫిల్టరే, రంగు సరిచేయాలన్నా ఫిల్టరే, వాల్యూమ్ పెంచాలన్నా ఫిల్టరే. పైగా క్లిప్‌ని సెలెక్ట్ చేసి పెడితే ఆ క్లిప్‌కే, ట్రాక్ పేరు మీద నొక్కి పెడితే ట్రాక్ మొత్తానికీ పడుతుంది, ఏది సెలెక్ట్ అయి ఉందో చూసుకోకుండా పెడితే వీడియో మొత్తం పసుపుపచ్చగా అయిపోతుంది. ఒక ఎఫెక్ట్ టైమ్‌తో పాటు ఎలా మారాలో చెప్పే కీఫ్రేమ్స్ ఉన్నాయి గానీ వాటితో కుస్తీ పట్టాలంటే ఓపిక కావాలి. అక్షరాలు ఎగిరి వచ్చి వాలే యానిమేషన్లు, పెళ్లి టైటిల్ కార్డులు ఇలాంటివి కావాలంటే దీంతో టైమ్ వేస్ట్ చేసుకోకండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ప్రాజెక్ట్ సేవ్ చేస్తే వచ్చే ఎంఎల్‌టీ ఫైల్‌లో వీడియో ఉండదు. ఏ ఫైల్ ఎక్కడుంది, ఎక్కడ కట్ చేశారు అనే చిట్టా మాత్రమే ఉంటుంది. అందుకే అది కొన్ని కేబీలే ఉంటుంది. ప్రాజెక్ట్ సగంలో ఉండగా డిస్క్ ఖాళీ చేద్దామని ఫోన్ వీడియోలు డిలీట్ చేసినా, వేరే ఫోల్డర్‌కి మార్చినా, తెరవగానే ఫైల్స్ కనపడట్లేదు అంటుంది. మార్చినవైతే మళ్లీ చూపించి కలపొచ్చు, డిలీట్ చేసినవి ఎవరూ తేలేరు. ఒక్కో వీడియోకి ఒక్కో ఫోల్డర్, క్లిప్పులు, పాట, ఫొటోలు, ఎంఎల్‌టీ అన్నీ అందులోనే, పని మొదలుపెట్టే ముందే కాపీ చేసేసుకోండి.

ఎక్స్‌పోర్ట్‌లో పెద్ద లిస్ట్ చూసి బెదరొద్దు, యూట్యూబ్ అనే ప్రీసెట్ నొక్కి, పైన ఫ్రమ్ అన్నచోట టైమ్‌లైన్ అని ఉందో లేదో చూసుకుని ఎక్స్‌పోర్ట్ కొట్టేయండి. టైమ్‌లైన్ బదులు సోర్స్ ఉంటే మీరు చివరగా చూసిన ముక్క ఒక్కటే బయటకొస్తుంది. జాబ్స్ అనే చోట ఎంత శాతం అయిందో చూపిస్తుంది, నా ఆరు నిమిషాల వీడియోకి టీ పెట్టుకుని తాగొచ్చేంత టైమ్ పట్టింది. హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ వాడుకో అనే టిక్ ఉంటుంది, ఇంటెల్ ప్రాసెసర్లో ఉన్న క్విక్ సింక్ కూడా దానికి పనికొస్తుంది, తొందరగా అవుతుంది గానీ అదే క్వాలిటీకి ఫైల్ సైజు కాస్త ఎక్కువొస్తుంది. చుట్టాలకి వాట్సాప్‌లో పంపేటప్పుడు గ్యాలరీలోంచి కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఇంత కష్టపడి చేసిందాన్ని వాట్సాప్ పిండేసి పంపుతుంది.

రేటింగ్ ఇవ్వమంటే నేర్చుకోడానికి ఐదుకి నాలుగున్నర, అందానికి రెండు. పెళ్లి వీడియోలు డబ్బులకి చేద్దామనుకునేవాళ్లు, కలర్ మీద ఇష్టమున్నవాళ్లు ఎప్పటికైనా రిజాల్వ్‌కో ఎడియస్‌కో వెళ్లాల్సిందే, అయితే ఐ, ఓ, కట్, రిపుల్ డిలీట్, జే కట్ ఇవన్నీ అక్కడా అవే, బటన్లే కాస్త మారతాయి. ర్యామ్ 16కి పెంచుకున్న రోజున నేనూ రిజాల్వ్ వేసి చూస్తా. ఈలోపు మా అత్తగారు మాగాయ వీడియో ఎప్పుడు అంటున్నారు, ఈసారి కొలతలు కట్ చేయకూడదని ముందే మాట తీసుకున్నారు.